మూడుల్‌కి మన సొంత ప్లగిన్: ఖాళీ ఫోల్డర్ నుంచి కాలేజీ సర్వర్ దాకా

సెమిస్టర్ సగంలో ఉండగా ఈసీఈ మేడమ్ ఒకరు మా ల్యాబ్‌కొచ్చి, "బాబూ, వారం రోజులుగా నా కోర్సు తెరవని పిల్లలెవరో నాకు కోర్సు పేజీలోనే ఒక పక్కన కనపడాలి, చేయగలవా?" అని అడిగారు. మా కాలేజీ కోర్సులన్నీ ఆన్‌లైన్‌లో నడిచేది మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ మీద, అందులో ఆ సౌకర్యం ఇప్పటికే ఉంది. పార్టిసిపెంట్స్ పేజీకి వెళ్లి ఫిల్టర్ పెడితే ఇన్ని రోజులుగా రానివాళ్లు ఎవరో చూపిస్తుంది. ఆ మాటే చెప్పాను. "అది నొక్కి, ఇది ఎంచుకుని, మళ్లీ అప్లై కొట్టి, రోజూ ఎవరు చేస్తారయ్యా" అన్నారు. నిజమే కదా. ఆవిడ కోసం ఒక ప్లగిన్, అంటే మూడుల్‌కి బయటి నుంచి తగిలించే అదనపు భాగం, రాశాను. పేజీ పక్కన చిన్న పెట్టెలా కనపడే ఆ బ్లాకునే ఈ గైడ్‌కి ఉదాహరణగా తీసుకుంటున్నాను. దాని పేరు "రాలేదు".

పీహెచ్‌పీలో నాలుగు లైన్లు రాయగలిగి, డేటాబేస్‌లో జాయిన్ అంటే ఏంటో తెలిసి, మూడుల్‌లో అడ్మిన్‌గా ఒకసారైనా లాగిన్ అయినవాళ్లకి ఇది సరిపోతుంది. కోడ్ ముక్కలు ఇక్కడ అతికించట్లేదు. ఏ ఫైల్లో ఏముండాలి, ఎందుకుండాలి, లేకపోతే ఏం జరుగుతుంది అనేది మాటల్లో చెప్తాను. కాపీ కొట్టి పెట్టిన కోడ్ పని చేస్తుంది కానీ, పని చేయని రోజున ఎక్కడ వెతకాలో మనకి తెలియదు.

అన్నిటికంటే ముందు: కోర్ ఫైళ్ల జోలికి వెళ్లొద్దు

మూడుల్‌ని ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టాడు, 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. పేరులో మొదటి అక్షరం "మాడ్యులర్" అనే మాటది. అది ఊరికే పెట్టింది కాదు. మీరు రోజూ వాడే క్విజ్, అసైన్‌మెంట్, ఫోరమ్ ఇవన్నీ కూడా ప్లగిన్లే, మీరు రాయబోయేదానికీ వాటికీ నిర్మాణంలో తేడా ఏమీ ఉండదు. కాబట్టి మీకు కావాల్సింది దాదాపు ఎప్పుడూ కోర్‌ని, అంటే మూడుల్ సొంత ఫైళ్లని, ముట్టుకోకుండానే చేసుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకంటే ముందు ఆ సర్వర్ చూసుకున్నాయన గ్రేడ్‌ బుక్‌లో ఒక కాలమ్ కోసం నేరుగా కోర్ ఫైల్లో పది లైన్లు మార్చేసి వెళ్లిపోయాడు. ఎక్కడా రాసిపెట్టలేదు. నేను సెలవుల్లో అప్‌గ్రేడ్ చేశాను, ఆ పది లైన్లు ఎగిరిపోయాయి, ఇంటర్నల్ మార్కులు వేసే వారంలో ఆ సంగతి బయటపడింది. ఆ వారం నాకు పట్టిన టెన్షన్ చెప్పేది కాదు.

ప్లగిన్ల రకాలు చాలా ఉన్నాయి, కానీ మొదట్లో పనికొచ్చేవి తక్కువే. విద్యార్థి కోర్సులో నొక్కి చేసే పని అయితే యాక్టివిటీ, అంటే మాడ్. పేజీ పక్కన చిన్న పెట్టెలో ఏదో చూపించాలంటే బ్లాక్. కొత్త రకం ప్రశ్న కావాలంటే క్యూటైప్. లాగిన్ పద్ధతి మార్చాలంటే ఆథ్, రూపురేఖలకి థీమ్. వీటిలో దేనిలోనూ ఇమడకపోతే లోకల్. మొదటి ప్లగిన్‌గా యాక్టివిటీ రాయడానికి మాత్రం దిగకండి, దానికి గ్రేడింగ్, బ్యాకప్, రిస్టోర్, కంప్లీషన్ అన్నీ వెంటపడతాయి. బ్లాక్ అయితే ఒక సాయంత్రంలో తెర మీద కనపడుతుంది.

మీ కంప్యూటర్లో మూడుల్ పెట్టుకోవడం

లైవ్ సర్వర్‌లో ప్రయోగాలు వద్దు. మీ సొంత మెషీన్‌లో ఒక కాపీ ఉండాలి. అందులోనూ కాలేజీలో ఏ వెర్షన్ నడుస్తుందో అదే వెర్షన్ పెట్టుకోండి. నేను ఇక్కడ 4.5ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను, ఇది 2024 అక్టోబర్‌లో వచ్చిన లాంగ్ టర్మ్ సపోర్ట్ వెర్షన్, చాలా సంస్థలు కొన్నేళ్లు దీని మీదే ఉంటాయి.

విండోస్ వాళ్లు వెంటనే ఎక్స్ఏఎంపీపీ వైపు వెళ్తారు, వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ అన్నీ ఒకేసారి వేసే ప్యాకేజీ అది. నేనూ వెళ్లాను, అక్కడ ఒక పూట పోయింది. 4.5కి డేటాబేస్ మరియాడీబీ అయితే కనీసం 10.6.7 కావాలి, ఎక్స్ఏఎంపీపీతో పాటు వచ్చేది 10.4. ఇన్‌స్టాలర్ అన్నీ పచ్చగా చూపించి డేటాబేస్ దగ్గర ఎర్రగా ఆగిపోతుంది. విండోస్‌లోనే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ ఆన్ చేసి ఉబుంటు వేసుకోవడం ఇంతకంటే సులువు. డాకర్ అలవాటున్నవాళ్లకి మూడుల్ సంస్థే ఇచ్చే మూడుల్-డాకర్ అనే సెటప్ ఉంది, టెస్టింగ్ దాకా అన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి.

ఉబుంటు దారిలో అయితే పనులివి. అపాచీ, పీహెచ్‌పీ 8.1 నుంచి 8.3 లోపు ఏదైనా, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ 13 లేదా మైఎస్‌క్యూఎల్ 8.0 లేదా పైన చెప్పిన మరియాడీబీ. పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్లలో ఇంటిఎల్, సోడియమ్, జీడీ, జిప్, సోప్, ఎంబీస్ట్రింగ్ వేసుకోండి. పీహెచ్‌పీ.ఐఎన్ఐ ఫైల్లో మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ విలువ 5000 చేయండి, మామూలుగా ఉండే 1000తో మూడుల్ ముందుకి కదలదు. తర్వాత గిట్‌తో మూడుల్ రిపాజిటరీ క్లోన్ చేసి 405 స్టేబుల్ బ్రాంచ్‌కి వెళ్లండి. జిప్ కంటే గిట్ ఎందుకంటే, పొరపాటున ఏదైనా కోర్ ఫైల్ మార్చారేమో గిట్ స్టేటస్ కొడితే తెలిసిపోతుంది.

మూడుల్‌డేటా అనే ఫోల్డర్ ఇంకోటి చేయాలి, అప్‌లోడ్ అయిన ఫైళ్లన్నీ అందులో పడతాయి. దాన్ని వెబ్ ఫోల్డర్ లోపల పెట్టకండి. పెడితే పిల్లల అసైన్‌మెంట్లు బయటివాళ్లకి నేరుగా దొరికే ప్రమాదం ఉంది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే యూటీఎఫ్8ఎంబీ4తో సృష్టించండి.

ఇన్‌స్టాల్ అయ్యాక వెంటనే చేయాల్సినవి రెండు. సైట్ అడ్మినిస్ట్రేషన్‌లో డెవలప్‌మెంట్ ట్యాబ్, అందులో డీబగ్గింగ్, దాన్ని డెవలపర్ స్థాయికి పెట్టి మెసేజ్‌లు తెర మీద కనపడేలా టిక్ పెట్టండి. మూడుల్ మన తప్పుల్ని చాలా వివరంగా చెప్తుంది, కానీ ఈ స్విచ్ వేస్తేనే. రెండోది క్యాష్, అంటే వేగం కోసం మూడుల్ దాచుకునే పాత కాపీలు: భాషా స్ట్రింగులు, టెంప్లేట్లు, జావాస్క్రిప్ట్ ఈ మూడిటి క్యాష్ ఆపేయండి. "కోడ్ మార్చాను, తెర మీద మారలేదు" అని గంటలు గంటలు తల పట్టుకోవడానికి కారణం నూటికి తొంభైసార్లు ఇదే. అప్పటికీ అనుమానం ఉంటే అడ్మిన్ ఫోల్డర్ లోపలి సీఎల్ఐ ఫోల్డర్లో ఉన్న పర్జ్_క్యాషెస్ స్క్రిప్ట్‌ని కమాండ్ లైన్ నుంచి నడపండి.

ఆడుకోవడానికి కోర్సు, విద్యార్థులు కావాలిగా. డెవలప్‌మెంట్ ట్యాబ్‌లోనే టెస్ట్ కోర్సు తయారుచేసే సాధనం ఉంది, డీబగ్గింగ్ డెవలపర్ స్థాయిలో ఉంటేనే ఒప్పుకుంటుంది. "ఎస్" సైజు ఎంచుకోండి, సరిపోయినంత మంది నకిలీ విద్యార్థులు వచ్చేస్తారు.

పేరు దగ్గరే సగం తప్పులు

మూడుల్‌లో ప్రతి ప్లగిన్‌కి ఒక పూర్తి పేరు ఉంటుంది: రకం, అండర్‌స్కోర్, సొంత పేరు. ఈ పద్ధతిని ఫ్రాంకెన్‌స్టైల్ అంటారు. మనది బ్లాక్_రాలేదు. సొంత పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాయాలి, ఆర్-ఏ-ఎల్-ఈ-డీ-యూ, ఆరు అక్షరాలు, మధ్యలో ఖాళీలు, హైఫన్లు లేకుండా.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఫోల్డర్ పేరు "రాలేదు" మాత్రమే, అది బ్లాక్స్ ఫోల్డర్లో ఉంటుంది. కానీ లోపల ముఖ్యమైన ఫైల్ పేరు "బ్లాక్_రాలేదు.పీహెచ్‌పీ", దానిలోని క్లాస్ పేరు బ్లాక్_రాలేదు, లాంగ్ ఫోల్డర్లో ఈఎన్ లోపలి ఫైల్ పేరూ అదే. ఒక్క అక్షరం తేడా ఉన్నా మూడుల్ ప్లగిన్‌ని గుర్తించదు, లేదా గుర్తించి పేరు బదులు రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ప్లగిన్‌నేమ్ అని చూపిస్తుంది. ఆ బ్రాకెట్లు కనపడ్డాయంటే భాషా ఫైల్ దొరకలేదనో, అందులో ఆ స్ట్రింగ్ లేదనో అర్థం. విండోస్‌లో పెద్దక్షరం చిన్నక్షరం తేడా పట్టించుకోదు కాబట్టి మీ దగ్గర బాగానే నడిచి, లైనక్స్ సర్వర్‌కి వెళ్లాక మొరాయించే అవకాశం కూడా ఉంది. 5.1 వెర్షన్ నుంచి బ్లాక్స్ లాంటి ఫోల్డర్లన్నీ పబ్లిక్ అనే ఫోల్డర్ లోపలికి వెళ్లాయి, కొత్త వెర్షన్ మీద చేసేవాళ్లు అది చూసుకోండి.

నాలుగు ఫైళ్లతో ప్రాణం పోయడం

మొదటిది వెర్షన్.పీహెచ్‌పీ. ఇందులో ప్లగిన్ అనే వేరియబుల్‌కి మూడు విషయాలు చెప్తాం: కాంపొనెంట్, అంటే పూర్తి పేరు. వెర్షన్, అంటే పది అంకెల సంఖ్య, సంవత్సరం నాలుగు, నెల రెండు, తేదీ రెండు, ఆ రోజు ఎన్నోసారి అనేది రెండు. ఉదాహరణకి 2025061500. మూడోది రిక్వైర్స్, కనీసం ఏ మూడుల్ కావాలో, 4.5కి అది 2024100700. వీటితో పాటు మెచ్యూరిటీ ఆల్ఫా అనీ, రిలీజ్ 0.1 అనీ పెట్టుకోండి.

ఈ పది అంకెల సంఖ్య ఎప్పుడూ పైకే వెళ్లాలి, కిందికి రాకూడదు. నేను ఒక అర్ధరాత్రి 2025 బదులు 2052 కొట్టి అప్‌గ్రేడ్ నొక్కాను. మర్నాడు సరిచేస్తే, "ఇంతకంటే కొత్త వెర్షన్ ఇప్పటికే ఉంది, వెనక్కి వెళ్లలేను" అని సైట్ మొత్తం అక్కడే ఆగింది. నా ల్యాప్‌టాప్ కాబట్టి కాన్ఫిగ్_ప్లగిన్స్ టేబుల్‌లో ఆ వరసని చేత్తో మార్చి బయటపడ్డాను. అదే లైవ్‌లో అయ్యుంటే 2052 దాకా 2052తోనే కాపురం చేయాల్సి వచ్చేది.

రెండోది భాషా ఫైల్, లాంగ్ ఫోల్డర్‌లో ఈఎన్ లోపల. కనీసం ప్లగిన్‌నేమ్ అనే స్ట్రింగ్ ఉండాలి.

మూడోది డీబీ ఫోల్డర్లో యాక్సెస్.పీహెచ్‌పీ. ఎవరు ఏం చేయొచ్చో ఇక్కడ ప్రకటిస్తాం. ప్రతి బ్లాక్‌కీ యాడ్‌ఇన్‌స్టెన్స్ అనే కేపబిలిటీ కావాలి, అంటే కోర్సులో ఈ బ్లాక్ పెట్టే హక్కు, దాన్ని ఎడిటింగ్ టీచర్‌కీ మేనేజర్‌కీ ఇవ్వండి. మనకి ఇంకోటి కూడా కావాలి: వ్యూ. ఎవరెవరు రాలేదో టీచర్లు చూడాలి గానీ తోటి విద్యార్థులు చూడకూడదు కదా. టీచర్, ఎడిటింగ్ టీచర్, మేనేజర్‌కి అనుమతి, విద్యార్థికి ఏమీ లేదు. ఈ ఫైల్లో ఏ మార్పు చేసినా వెర్షన్ సంఖ్య పెంచి అప్‌గ్రేడ్ నడిపితేనే అమల్లోకి వస్తుంది. ఫైల్ సేవ్ చేసి పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటే ఏమీ మారదు.

నాలుగోది అసలు బ్లాక్ ఫైల్. బ్లాక్_బేస్ అనే క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేస్తాం. ఇనిట్ ఫంక్షన్లో టైటిల్ పెడతాం, గెట్_స్ట్రింగ్‌తో భాషా ఫైల్ నుంచి తెచ్చి. అప్లికబుల్_ఫార్మాట్స్‌లో కోర్సు పేజీలకి మాత్రమే అని చెప్తాం, డాష్‌బోర్డ్‌కి వద్దు. గెట్_కంటెంట్‌లో ప్రస్తుతానికి "నమస్కారం మేడమ్" అని ఒక్క మాట. అంతే. క్వెరీ ఇప్పుడే రాయొద్దు.

ఫైళ్లన్నీ బీఓఎమ్ (కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో పెట్టే కనపడని గుర్తు) లేని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, చివర్లో పీహెచ్‌పీ ట్యాగ్ మూయకండి, మొదటి ట్యాగ్‌కి ముందు ఖాళీ లైన్ ఉండనీయకండి. ఇప్పుడు అడ్మిన్‌గా నోటిఫికేషన్స్ పేజీకి వెళ్తే మూడుల్ కొత్త ప్లగిన్ కనిపెట్టి అప్‌గ్రేడ్ అడుగుతుంది. ఒప్పుకుని, టెస్ట్ కోర్సులో ఎడిట్ మోడ్ ఆన్ చేసి, యాడ్ ఎ బ్లాక్‌లో మనదాన్ని ఎంచుకోండి. ఆ "నమస్కారం మేడమ్" కనపడ్డాకే ముందుకి. కనపడకపోతే పేర్లు మళ్లీ చూడండి, నూటికి నూరుపాళ్లు అక్కడే ఉంటుంది.

క్వెరీ: అసలు పని ఇక్కడుంది

ఏ విద్యార్థి ఏ కోర్సుని చివరిసారి ఎప్పుడు తెరిచాడో యూజర్_లాస్ట్‌యాక్సెస్ అనే టేబుల్‌లో ఉంటుంది. యూజర్ఐడీ, కోర్సుఐడీ, టైమ్‌యాక్సెస్. ఇంత సులువుగా దొరికింది కదా అని టైమ్‌యాక్సెస్ ఏడు రోజుల కంటే పాతదైతే చూపించు అని రాసేశాను మొదట. మేడమ్ చూసి, "ఫలానా అబ్బాయి అసలు మొదటి రోజు నుంచీ రాలేదు, వాడి పేరే లేదేంటి?" అన్నారు. ఎందుకంటే ఒక్కసారి కూడా తెరవనివాడికి ఆ టేబుల్‌లో వరసే ఉండదు. అసలు దొరకాల్సినవాడే తప్పించుకున్నాడన్నమాట.

కాబట్టి లెక్క తిరగేయాలి. ముందు కోర్సులో నమోదైన విద్యార్థుల జాబితా, దానికి లాస్ట్‌యాక్సెస్ టేబుల్‌ని లెఫ్ట్ జాయిన్, ఆపైన "టైమ్ ఖాళీగా ఉంటే, లేదా గడువు కంటే పాతదైతే" అనే షరతు. కోర్సుఐడీ పోలిక జాయిన్ షరతులోనే ఉండాలి, కింద వేర్‌లో పెడితే లెఫ్ట్ జాయిన్ చేసిన ప్రయోజనం పోతుంది.

నమోదైనవాళ్ల జాబితాని సొంతంగా ఎన్రోల్‌మెంట్ టేబుళ్లు కలిపి రాయొద్దు, సస్పెండ్ అయినవాళ్లు, గడువు తీరినవాళ్లు అంటూ తిరకాసులు చాలా ఉంటాయి. గెట్_ఎన్రోల్డ్_ఎస్‌క్యూఎల్ అనే ఫంక్షన్ ఉంది, కోర్సు కాంటెక్స్ట్ ఇచ్చి, యాక్టివ్‌గా ఉన్నవాళ్లు మాత్రమే అని చెప్తే ఒక ఎస్‌క్యూఎల్ ముక్క, దాని పారామీటర్లు చేతికిస్తుంది. టీచర్లని తప్పించడానికి అసైన్‌మెంట్ సబ్మిట్ చేసే కేపబిలిటీ ఉన్నవాళ్లని మాత్రమే అడగండి, మామూలు సెట్టింగుల్లో అది విద్యార్థులకే ఉంటుంది. ఏ సెక్షన్, బీ సెక్షన్ ఒకే కోర్సులో గ్రూపులుగా ఉంటే ఇదే ఫంక్షన్‌కి గ్రూప్ ఐడీ కూడా ఇవ్వొచ్చు.

మూడుల్ డేటాబేస్ లేయర్‌కి కొన్ని సొంత కట్టుబాట్లు ఉన్నాయి. టేబుల్ పేర్లు మీసాల బ్రాకెట్లలో రాయాలి, ముందు ఎండీఎల్ ప్రిఫిక్స్ పెట్టకూడదు, అది తనే పెట్టుకుంటుంది. విలువల్ని స్ట్రింగ్‌లో అతికించకుండా పేరున్న పారామీటర్లుగా పంపాలి, ఒకే పేరుని ఒక క్వెరీలో రెండుసార్లు వాడితే ఒప్పుకోదు, కోర్సుఐడీ1, కోర్సుఐడీ2 అని వేరే పేర్లు పెట్టాల్సిందే. గెట్_రికార్డ్స్_ఎస్‌క్యూఎల్ ఇచ్చే ఫలితంలో మొదటి కాలమ్ ఎవరికి వారికి వేరుగా ఉండాలి, యూజర్ ఐడీ పెట్టండి. లేకపోతే ఒకే విలువ ఉన్న వరసలు ఒకదాని మీద ఒకటి పడి నలభై మంది కాస్తా ముగ్గురవుతారు. లిమిట్ అని ఎస్‌క్యూఎల్‌లో రాయకండి, ఆ ఫంక్షన్‌కే చివర్లో ఎన్నో వరస నుంచి, ఎన్ని వరసలు అని ఇవ్వాలి.

ఒక సరదా తేడా చెప్తాను. పాతవాళ్లు పైకి రావాలని టైమ్‌యాక్సెస్‌ని చిన్నది నుంచి పెద్దదానికి పేర్చాను. నా మైఎస్‌క్యూఎల్‌లో అసలు రానివాళ్లు పైన వచ్చారు, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంది, అక్కడ వాళ్లే అట్టడుగుకి పోయారు. ఖాళీ విలువల్ని మైఎస్‌క్యూఎల్ ముందు పెడుతుంది, పోస్ట్‌గ్రెస్ చివర పెడుతుంది. కోఅలెస్‌తో ఖాళీని సున్నా చేసి పేరిస్తే రెండు చోట్లా ఒకేలా ఉంటుంది.

పేర్లు చూపించడానికి ఫుల్‌నేమ్ ఫంక్షన్ వాడాలి. దానికి ఫస్ట్‌నేమ్, లాస్ట్‌నేమ్ రెండే తెచ్చిస్తే డీబగ్గింగ్ మోడ్‌లో గొడవ చేస్తుంది, మిడిల్ నేమ్, ఫొనెటిక్ పేర్లు కూడా కావాలంటుంది. కోర్_యూజర్ ఫీల్డ్స్ అనే క్లాస్‌ని అడిగితే కావాల్సిన కాలమ్‌లన్నీ ఇస్తుంది, అయితే ఆ జాబితా కామాతోనే మొదలవుతుంది, మీరు ముందు ఇంకో కామా పెడితే క్వెరీ విరుగుతుంది.

తెర మీదికి తేవడం

గెట్_కంటెంట్ ఒకే పేజీలో రెండుసార్లు పిలవబడొచ్చు, అందుకే మొదటి లైన్లోనే కంటెంట్ ఇప్పటికే ఉంటే అదే తిరిగి ఇచ్చేయండి. తర్వాత ఖాళీ టెక్స్ట్, ఖాళీ ఫుటర్‌తో కంటెంట్ తయారు చేసి, వ్యూ కేపబిలిటీ ఉందా అని చూడండి. లేకపోతే ఖాళీగానే తిరిగి ఇవ్వండి. టెక్స్ట్, ఫుటర్ రెండూ ఖాళీ అయితే మూడుల్ ఆ బ్లాక్ పెట్టెనే చూపించదు, కాబట్టి విద్యార్థులకి ఇలాంటిది ఉందని కూడా తెలియదు.

హెచ్‌టీఎమ్ఎల్‌ని పీహెచ్‌పీలో కుక్కకుండా టెంప్లేట్స్ ఫోల్డర్లో మస్టాష్ ఫైల్, అంటే విలువలకి ఖాళీలు వదిలిన హెచ్‌టీఎమ్ఎల్ మూస, పెట్టి, రెండర్_ఫ్రమ్_టెంప్లేట్‌తో డేటా పంపండి. మస్టాష్‌లో రెండు మీసాల బ్రాకెట్లు విలువని శుభ్రం చేసి చూపిస్తాయి, మూడు పెడితే ఉన్నదున్నట్టు పెట్టేస్తాయి. తన పేరు స్థానంలో స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టుకునే తుంటరి విద్యార్థి ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. మూడు బ్రాకెట్లు వాడే ముందు వాణ్ని తలుచుకోండి.

రోజుల సంఖ్య ఏడు అని కోడ్‌లో బిగించకుండా సెట్టింగ్‌లో పెడదాం. ఎడిట్_ఫామ్.పీహెచ్‌పీ అనే ఫైల్లో బ్లాక్_ఎడిట్_ఫామ్‌ని ఎక్స్‌టెండ్ చేసి ఒక అంకె పెట్టె చేర్చండి, దాని పేరు కాన్ఫిగ్_డేస్ అని ఉండాలి, ఆ కాన్ఫిగ్ ముందుమాట ఉంటేనే మూడుల్ దాన్ని సేవ్ చేస్తుంది. బ్లాక్‌లో చదివేటప్పుడు మాత్రం కాన్ఫిగ్ తర్వాత నేరుగా డేస్. కొత్తగా చేర్చిన బ్లాక్‌కి ఇంకా ఎవరూ సెట్టింగ్ సేవ్ చేయలేదు కాబట్టి కాన్ఫిగ్ అప్పటికి నల్‌గా ఉంటుంది, అది చూసుకుని లేకపోతే ఏడు అనుకోవాలి.

తెలుగులో చూపించాలంటే

సైట్ అడ్మినిస్ట్రేషన్‌లో లాంగ్వేజ్ ప్యాక్స్ నుంచి తెలుగు ప్యాక్ వేసుకుని, మన ప్లగిన్ లాంగ్ ఫోల్డర్లో టీఈ అనే ఫోల్డర్ చేసి అదే పేరుతో ఫైల్ పెడితే చాలు. కష్టం అంతా వాక్యాలు రాయడంలోనే. ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా అతికిస్తే నడిచిపోతుంది, మనకి క్రియ చివర్లో వస్తుంది కాబట్టి పూర్తి వాక్యం ఒకే స్ట్రింగ్‌లో ఉండాలి, మారే విలువకి మధ్యలో చోటు వదలాలి. ఆ చోట పేరు పెట్టి వెనక విభక్తి తగిలిస్తే తంటా, "రమేష్‌ని" అంటే బాగానే ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరుకి అదే తోక తగిలితే వింతగా ఉంటుంది. పేరు ఒక గడిలో, "12 రోజులుగా రాలేదు" అనేది ఇంకో గడిలో పెడితే ఈ గొడవే ఉండదు. ఏకవచనం బహువచనం మూడుల్ చూసుకోదు, "1 రోజులు" అని రాకుండా రెండు స్ట్రింగులు పెట్టండి.

బ్లాక్ ఇరుకుగా ఉంటుంది కాబట్టి పొడుగు పేర్లు కత్తిరించాలనిపిస్తుంది. పీహెచ్‌పీ మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతుంది. "తెలుగు" అనే మాట మన కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో గుణింతాల గుర్తులతో కలిపి ఆరు, బైట్లలో పద్దెనిమిది. బైట్ల దగ్గర కోస్తే చివర్లో ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం వస్తుంది. మూడుల్ కోర్_టెక్స్ట్ వాడితే ఆ వజ్రం రాదు గానీ, గుణింతం ఊడి "తెలుగు" కాస్తా "తెలుగ" అవ్వొచ్చు. ఇంటిఎల్ ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్లు మన అక్షరాలకి దగ్గరగా లెక్కపెడతాయి. ఇంకా మంచిది, అసలు కత్తిరించకుండా సీఎస్ఎస్‌కి వదిలేయడం.

ప్రైవసీ ఫైల్ మర్చిపోవద్దు

క్లాసెస్ ఫోల్డర్లో ప్రైవసీ, అందులో ప్రొవైడర్.పీహెచ్‌పీ. ఐరోపా జీడీపీఆర్ చట్టం అమల్లోకి వచ్చిన 2018 నుంచి మూడుల్ ప్రతి ప్లగిన్‌నీ "నువ్వు ఎవరి వివరాలైనా నిల్వ చేసుకుంటావా?" అని అడుగుతుంది. మన బ్లాక్ ఏమీ నిల్వ చేసుకోదు, మూడుల్‌లో ఉన్నదాన్ని చూపిస్తుందంతే, కాబట్టి నల్ ప్రొవైడర్ అని ప్రకటించి కారణం చెప్పే ఒక స్ట్రింగ్ ఇస్తే సరి. మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. రేపు ఈ బ్లాక్‌లో మేడమ్ విద్యార్థి మీద నోట్ రాసుకునే పెట్టె పెడితే మాత్రం లెక్క మారుతుంది: సొంత టేబుల్ కావాలి, దాన్ని డెవలప్‌మెంట్ ట్యాబ్‌లోని ఎక్స్ఎమ్ఎల్‌డీబీ ఎడిటర్‌తో గీసుకోవాలి, అప్‌గ్రేడ్ ఫైల్ రాయాలి, ప్రైవసీ ఫైల్లో ఎగుమతి, తొలగింపు రెండూ రాయాలి. మొదటి వెర్షన్లో అవసరం లేదు.

పరీక్షించడం

ఇక్కడ నేను ఒక పూట పోగొట్టుకున్నాను. అడ్మిన్‌గా ఉండి "లాగిన్ యాజ్"తో ఒక విద్యార్థిగా మారి కోర్సు తెరిచాను, మళ్లీ అడ్మిన్‌గా వచ్చి చూస్తే వాడు ఇంకా "రాలేదు" జాబితాలోనే ఉన్నాడు. క్వెరీ తప్పేమో అని తిరగేసి మరగేసి చూశాను. తప్పు క్వెరీది కాదు, లాగిన్ యాజ్‌తో వెళ్తే మూడుల్ చివరిసారి వచ్చిన సమయం నమోదు చేయదు. మనం మారువేషంలో వెళ్లి వాళ్ల హాజరు వేయకూడదు కదా! ప్రైవేట్ విండోలో ఆ విద్యార్థి పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయి చూడండి.

చేత్తో చూడాల్సినవి: టీచర్‌గా, ఎడిట్ హక్కు లేని టీచర్‌గా, విద్యార్థిగా, గెస్ట్‌గా. విద్యార్థులే లేని కోర్సు. అందరూ వచ్చిన కోర్సు, అప్పుడు ఖాళీగా ఉంచకుండా "అందరూ వచ్చారు" అని ఒక మాట పెడితే మేడమ్ గారికి బ్లాక్ పాడైందేమో అన్న అనుమానం రాదు. ఇంకా ఓపికుంటే పీహెచ్‌పీయూనిట్ పరీక్షలు (కోడ్‌ని కోడే పరీక్షించేవి) రాయండి, మూడుల్ ఇచ్చే జనరేటర్‌తో కోర్సు, విద్యార్థి, చివరిసారి వచ్చిన సమయం అన్నీ రెండు మూడు లైన్లలో పుట్టించొచ్చు. క్వెరీని బ్లాక్ ఫైల్లోంచి తీసి క్లాసెస్ ఫోల్డర్లో వేరే క్లాస్‌గా పెట్టుకుంటే పరీక్ష రాయడం తేలికవుతుంది. కోడ్‌చెకర్ అనే ప్లగిన్ వేసుకుని మన ఫోల్డర్ మీద నడిపితే కామెంట్లు, ఖాళీలు, లైసెన్స్ హెడర్ దాకా ఏం లేవో చెప్తుంది. మొదటిసారి నడిపినప్పుడు వచ్చే ఎర్ర జాబితా చూసి భయపడకండి, సగం ఖాళీ స్థలాల గొడవే.

సర్వర్ మీదికి

ముందు రోజు డేటాబేస్ బ్యాకప్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. పరీక్షల వారంలో వద్దు, శనివారం సాయంత్రం మేలు. మెయింటెనెన్స్ మోడ్ సీఎల్ఐ (కమాండ్ లైన్) నుంచి ఆన్ చేసి, ఫోల్డర్ కాపీ చేసి, వెబ్ సర్వర్ యూజర్‌తో అప్‌గ్రేడ్ స్క్రిప్ట్ నడిపి, మోడ్ ఆఫ్ చేయండి. సర్వర్‌లో డీబగ్ మెసేజ్‌లు తెర మీద కనపడే టిక్ తీసేసి ఉండాలి, పాత్‌లు, క్వెరీలు పిల్లలకి చూపించాల్సిన పని లేదు.

సర్వర్‌లోకి కమాండ్ లైన్‌తో వెళ్లే ఎస్ఎస్‌హెచ్ దారి మీకు లేకపోతే అడ్మిన్ పేజీలోనే జిప్ అప్‌లోడ్ చేయొచ్చు. జిప్ తెరిస్తే మొదట కనపడే ఫోల్డర్ పేరు "రాలేదు" అయ్యుండాలి. గిట్‌హబ్ నుంచి దించిన జిప్‌లో ఫోల్డర్ పేరుకి బ్రాంచ్ పేరు తోకలా తగిలి వస్తుంది, దాన్ని మార్చి మళ్లీ జిప్ చేయండి.

ఒకవేళ ఎక్కించాక సైట్ తెల్లగా అయిపోతే, కంగారు పడి డేటాబేస్ మీద చేయి వేయొద్దు. బ్లాక్స్ లోపలి మన ఫోల్డర్ని అక్కడి నుంచి పక్కకి జరపండి, క్యాష్ పర్జ్ చేయండి, సైట్ తిరిగొస్తుంది. ప్లగిన్స్ ఓవర్‌వ్యూలో మన బ్లాక్ "డిస్క్ మీద లేదు" అని కనపడుతుంది. తప్పు దిద్దాక ఫోల్డర్ అక్కడే పెడితే పాత సెట్టింగులతో సహా మళ్లీ లేస్తుంది. పూర్తిగా వదిలించుకోవాలంటే మాత్రం అదే పేజీ నుంచి అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి, ఫోల్డర్ చెరిపితే డేటాబేస్‌లో ఉన్నవి అక్కడే ఉండిపోతాయి.

బయటివాళ్లకి కూడా ఇద్దామనుకుంటే మూడుల్ ప్లగిన్స్ డైరెక్టరీ ఉంది. మూడుల్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ వెర్షన్ 3 కింద ఉంది కాబట్టి మనదీ అదే లైసెన్స్, ప్రతి ఫైల్ పైనా ఆ హెడర్. గిట్ రిపాజిటరీకి మూడుల్-బ్లాక్_రాలేదు అనే తరహాలో పేరు పెట్టడం రివాజు. పంపే ముందు మన టీఈ ఫోల్డర్ తీసేయాలి, డైరెక్టరీ వాళ్లు ప్లగిన్‌లో ఇంగ్లీషు స్ట్రింగులు మాత్రమే ఉండాలంటారు, మిగతా భాషలన్నీ ఏఎంఓఎస్ అనే అనువాద వ్యవస్థలో చేర్చాలి. అక్కడ చేర్చిన తెలుగు, ప్లగిన్ వేసుకున్న ప్రతివాళ్లకీ భాషా ప్యాక్‌తో పాటే వెళ్తుంది. సమీక్షకి కొంతకాలం పడుతుంది, మొదటిసారి మార్పులు అడగడం మామూలే. నాకు వచ్చిన మొదటి వ్యాఖ్య ఏంటంటే, ఇంగ్లీషు భాషా ఫైల్లో "నమస్కారం మేడమ్" అని ఇంకా ఒక స్ట్రింగ్ మిగిలి ఉందట.